పంచాయతీ తన లక్ష్యాల్లో ఎంత నెరవేర్చింది? ఊరు లెక్క తేల్చుకునే పద్ధతి

గ్రామ పంచాయతీ ఏటా తన అభివృద్ధి ప్రణాళికను రాసుకుంటుంది. వాడుకలో దాన్నే జీపీడీపీ అంటున్నాం. 2018 నుంచి దేశమంతటా ఈ ప్రక్రియ అక్టోబరు 2న మొదలవుతోంది. అయితే పోయినేడు రాసుకున్నదాంట్లో ఏం జరిగింది, ఏం జరగలేదు అని తేల్చకుండానే చాలా ఊళ్లలో కొత్తది రాసేస్తున్నారు. పాత పనులే అంకెలు మారి మళ్లీ జాబితాకెక్కుతాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వార్డు సభ్యులు, డ్వాక్రా సంఘాల మహిళలు, చదువుకున్న యువత కలిసి కూర్చుంటే రెండు నెలల్లో ఈ లెక్క తేల్చవచ్చు. ఆ పద్ధతి ఇది.

ఎప్పుడు, ఎవరు

లెక్క తేల్చడానికి ఆగస్టు, సెప్టెంబరు నెలలు సరైనవి. మార్చి 31తో ముగిసిన ఏడాది లెక్కలు అప్పటికి ఒక కొలిక్కి వస్తాయి. బయటపడిన లోపాలను అక్టోబరులో మొదలయ్యే కొత్త ప్రణాళికలో సరిచేసుకోవచ్చు. ఇంటింటి విచారణ మాత్రం జనం ఊళ్లో ఉన్నప్పుడే చేయాలి. గార, ఎచ్చెర్ల, సంతబొమ్మాళి, పూసపాటిరేగ వంటి తీర మండలాల్లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో మగవాళ్లు ఇంటి దగ్గర దొరుకుతారు. గుజరాత్‌లోని వీరావళ్‌కు వేటకు వెళ్లే కుటుంబాలున్న ఊళ్లలో వాళ్లు తిరిగొచ్చే వేసవి చివరి రోజుల్ని చూసుకోవాలి. హైదరాబాద్, విశాఖ వలసలు ఎక్కువగా ఉన్న మెట్ట గ్రామాల్లో సంక్రాంతి వారాన్ని మించిన సమయం లేదు. అప్పుడు రాసుకున్న జవాబులు ఆగస్టు దాకా దాచిపెట్టుకుంటే సరిపోతుంది.

బృందంలో అయిదు నుంచి ఏడుగురు చాలు. వార్డు సభ్యులు ఇద్దరుండాలి, వాళ్లలో ఒకరు సర్పంచ్ వర్గానికి చెందని వారై ఉండాలి. గ్రామైక్య సంఘం నుంచి ఇద్దరు, లెక్కలు చూడగలిగిన రిటైర్డ్ టీచరో ఉద్యోగో ఒకరు, ఎస్సీ కాలనీ నుంచి ఒకరు, శివారు గ్రామం నుంచి ఒకరు. చివరి ఇద్దరి విషయంలో రాజీ పడకండి. నీటి పైపు చివర, కాలువ చివర ఉండేది వాళ్ల ఇళ్లే. సర్పంచ్, పంచాయతీ కార్యదర్శి బృందంలో ఉండకూడదు. రికార్డులు ఇవ్వడం, ప్రశ్నలకు జవాబు చెప్పడం వాళ్ల వంతు. ముందుగా పంచాయతీ నెలవారీ సమావేశంలో బృందం పేర్లతో ఒక తీర్మానం చేయించండి. ఆ కాగితం చేతిలో ఉంటే బీరువా తెరిపించడం తేలిక.

ఏ కాగితాలు కావాలి

మొదట ఆమోదం పొందిన ప్రణాళిక, తర్వాత దాన్ని సవరించి ఉంటే ఆ సవరణ కూడా. చాలామంది సవరణ సంగతి మరిచిపోతారు. ఆగిపోయిన పనిని సవరణలో తీసేసి ఉంటే అది మీ లెక్కలోకి రాదు, ఎందుకు తీసేశారని అడిగేవాళ్లూ ఉండరు. దాంతోపాటు గ్రామసభ చేసిన సంకల్ప తీర్మానం కావాలి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ తొమ్మిది అంశాలు చెప్పింది: పేదరికం లేని ఊరు, ఆరోగ్యం, పిల్లలు, నీరు, పచ్చదనం–పరిశుభ్రత, మౌలిక వసతులు, సామాజిక భద్రత, సుపరిపాలన, మహిళలు. మీ పంచాయతీ వీటిలో దేన్ని తన సంకల్పంగా ఎంచుకుందో ఆ తీర్మానంలో ఉంటుంది. చిత్రమేమిటంటే, నీటి సంకల్పం తీసుకున్న ఊరి ప్రణాళికలో సగం డబ్బు సీసీ రోడ్లకు కనిపించడం అరుదేమీ కాదు. సమీక్షలో మీరు పట్టుకోవాల్సిన మొదటి తేడా అదే.

ఆ తర్వాత క్యాష్‌బుక్, వోచర్ల ఫైలు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఇంజనీరింగ్ వాళ్ల ఎం–బుక్ (పనుల కొలతలు రాసే పుస్తకం), ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టరు (ఎవరి నుంచి ఎంత పన్ను రావాలో రాసేది), తీర్మానాల పుస్తకం, చివరి ఆడిట్ నివేదిక. ప్రణాళికను, చెల్లింపులను ఈ–గ్రామ్ స్వరాజ్ పోర్టల్లో ఎవరైనా చూడవచ్చు. ఫోన్‌లో అయితే మేరీ పంచాయత్ యాప్ ఉంది. పోర్టల్లో కనిపించే మొత్తాన్ని క్యాష్‌బుక్‌తో పోల్చండి. రెండూ కలవకపోతే వెంటనే తప్పు జరిగిందనుకోవద్దు. మార్చిలో ఇచ్చిన చెల్లింపు ఏప్రిల్లో జమ అయి ఉండవచ్చు. వోచరు తేదీ చూస్తే తేలిపోతుంది.

రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాల వాళ్లకు ఇంకో సంగతి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో ఈ మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చాయి. అంతకుముందు ఏళ్ల ఆడిట్ కాగితాల్లో, ఉత్తర్వుల్లో శ్రీకాకుళం జిల్లా అనే ఉంటుంది. అయిదేళ్ల లెక్క తీసేటప్పుడు రెండు జిల్లాల పేర్లతోనూ వెతకాలి.

కాగితాలు ఇవ్వడం ఎవరి దయా కాదు. వార్షిక లెక్కలు, ఆడిట్ నివేదిక, గత ఏడాది పరిపాలన నివేదిక గ్రామసభ ముందు పెట్టాలని 1994 పంచాయతీరాజ్ చట్టం ఆరో సెక్షనే చెబుతోంది. అయినా ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద కార్యదర్శికి దరఖాస్తు రాయండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. "అన్ని పనుల వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఏదీ తేలని జవాబొస్తుంది. ఏ ఏడాది, ఏ పని, ఎం–బుక్‌లో ఏ పేజీల నకలు కావాలో రాయండి. లేదా రికార్డులు స్వయంగా చూస్తామని అడగండి. నకళ్ల ఖర్చు తప్పుతుంది, అడగాలని తెలియని కాగితాలు కూడా కంటపడతాయి.

పని వేరు, లక్ష్యం వేరు

ప్రణాళికలో "ఎస్సీ కాలనీలో 100 మీటర్ల కాలువ" అని ఉంటుంది. అది పని. ఆ గోర్జిలో వానాకాలం మురుగు నిలవకూడదన్నది లక్ష్యం. వంద మీటర్ల కాలువ కట్టాక దాని చివర గెడ్డలోకి కలపకుండా ఎవరి కళ్లం దగ్గరో వదిలేస్తే పని నూటికి నూరు శాతం పూర్తయినట్టే, లక్ష్యం మాత్రం సున్నా. అందుకే ప్రతి పని పక్కనా ఒక వాక్యం రాసుకోండి: ఇది పూర్తయితే ఊళ్లో ఎవరికి, ఏం మారాలి? ఆ వాక్యం రాయలేకపోతే ఆ పనిని ఎందుకు ఎంచుకున్నారో సర్పంచ్‌ను అడగాలి.

శాతాలు లెక్కగట్టేటప్పుడు పనుల సంఖ్య ఒక్కటే చూడొద్దు. ఉదాహరణకు 24 లక్షలతో 10 పనులు అనుకున్నారు. 8 పూర్తయ్యాయి. 80 శాతం అని చెప్పుకోవచ్చు. కానీ ఆ 8 చిన్న పనులు, మొత్తం ఖర్చు 9 లక్షలే అయితే డబ్బు లెక్కన జరిగింది 37.5 శాతం. మిగిలిన రెండూ వాటర్ ట్యాంకు, పెద్ద కాలువ అయితే ఊరికి నిజంగా కావలసినవే ఆగిపోయాయన్నమాట. రెండు శాతాలూ పక్కపక్కన రాయండి. ఏటా కొత్త ప్రణాళికలోకి వచ్చి చేరే పాత పనుల్ని వేరే రంగు సిరాతో గుర్తుపెట్టండి. మూడేళ్లుగా తిరుగుతున్న పని ఉంటే అది సమీక్షలో అన్నిటికంటే ముందు రావాలి.

డబ్బు ఎంత వచ్చింది, దేనికి వచ్చింది

15వ ఆర్థిక సంఘం నిధుల్ని 2021–22 నుంచి 2025–26 వరకు ఇలా విడగొట్టారు: 30 శాతం పారిశుద్ధ్యానికి, 30 శాతం తాగునీరు–వాన నీటి సంరక్షణకు, మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి. అంతకుముందు 2020–21లో సగం నీరు–పారిశుద్ధ్యానికి, సగం ఊరి అవసరాన్ని బట్టి. 10 లక్షలు వస్తే నీటికి 3, పారిశుద్ధ్యానికి 3, మిగతా వాటికి 4 లక్షలు అన్నమాట. 40 శాతంలోంచి జీతాలు, కార్యాలయ ఖర్చులు ఇవ్వకూడదు. వోచర్లను ఈ మూడు కుప్పలుగా పేర్చితే తేడాలు వాటంతటవే కనిపిస్తాయి. నీటి నిధుల కుప్పలో రోడ్డు బిల్లు దొరికితే కారణం అడగండి.

వోచర్లలో ఒక రకాన్ని జాగ్రత్తగా చూడాలి: మోటారు రిపేర్లు. ఒకే బోరు మోటారుకు ఏడాదిలో నాలుగుసార్లు వైండింగ్ బిల్లు ఉంటే ఎవరో తిన్నారని ముందే తీర్మానించుకోకండి. ఓల్టేజీ పడిపోతోందేమో, బోరులో నీటిమట్టం దిగిపోయి మోటారు ఖాళీగా తిరుగుతోందేమో. ప్రతి బిల్లు తేదీ రాసుకోండి. అన్నీ ఏప్రిల్–జూన్ మధ్యే ఉంటే నీటిమట్టమే కారణమని అనుమానించవచ్చు. అప్పుడు ఊరికి కావలసింది కొత్త మోటారు కాదు, చెరువు పూడిక తీయించి భూగర్భ జలం పెంచుకోవడం.

న్యాయంగా చూడాల్సిన మాటా ఒకటుంది. రాకపోయిన డబ్బుకు సర్పంచ్‌ను నిలదీయకూడదు. 2021లో రాష్ట్రంలో పంచాయతీల ఆర్థిక సంఘం నిధుల్ని కరెంటు బకాయిల కింద సర్దుబాటు చేశారు, సర్పంచ్‌లు ఆందోళనకు దిగారు. ఆ ఏడాది మీ పంచాయతీకి మంజూరైనదెంత, చేతికొచ్చినదెంత, సర్దుబాటు అయినదెంత మూడు వేర్వేరు గడుల్లో రాయండి. ఈ విడదీత లేకుండా గ్రామసభలో అంకెలు చదివితే జరిగేది కొట్లాటే.

సొంత ఆదాయం విషయానికొస్తే ఇంటి పన్ను శాతం చెప్పేటప్పుడు ఒక మెలిక ఉంటుంది. ఈ ఏటి డిమాండ్ 3,40,000, పాత బకాయి 1,60,000, వసూలైంది 2,50,000 అనుకుందాం. ఈ ఏటి డిమాండ్‌తో పోలిస్తే 73 శాతం దాటింది. మొత్తం 5 లక్షలతో పోలిస్తే సరిగ్గా సగం. రిజిస్టరులో ఎవరి బకాయిలు పెద్దవో చూడండి. పూరింటి వాళ్లవి చిన్న మొత్తాలు. పెద్ద బకాయి సాధారణంగా కల్యాణ మండపాలు, జీడిపప్పు బట్టీలు, రైసుమిల్లుల వంటి వాటి దగ్గర ఉంటుంది.

ఊళ్లోకి వెళ్లి కొలవడం

అన్ని ఇళ్లూ తిరగనక్కర్లేదు. పన్ను రిజిస్టరు తీసుకుని ప్రతి పదో ఇంటికి టిక్కు పెట్టండి. 400 గడపల ఊళ్లో 40 ఇళ్లవుతాయి. తెలిసిన ఇళ్లకే వెళ్తే తెలిసిన జవాబులే వస్తాయి. టిక్కు పెట్టిన ఇల్లు తాళం వేసి ఉంటే పక్కింటికి వెళ్లండి, తాళం సంగతీ రాయండి.

నీళ్ల విషయంలో కొలత స్పష్టంగా ఉంది: జల్ జీవన్ మిషన్ ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు. కావలసిందల్లా 20 లీటర్ల బకెట్టు, ఫోన్‌లో స్టాప్‌వాచ్. ట్యాంకుకు దగ్గరున్న కుళాయి, మధ్యలో ఒకటి, పైపు చివర ఒకటి కొలవండి. దగ్గరి కుళాయి దగ్గర ఒకటిన్నర నిమిషంలో బకెట్టు నిండి, నీళ్లు 45 నిమిషాలు వదిలితే ఆ ఇంటికి 600 లీటర్లు అందుతాయి. చివరి కుళాయికి ఎనిమిది నిమిషాలు పడితే అందేది 112 లీటర్లు, నలుగురున్న ఇంట్లో మనిషికి 28. సగటు తీస్తే ఊరంతా పుష్కలంగా ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి సగటు తీయకండి. చివరి కుళాయి అంకెనే ఊరి అంకెగా రాయండి.

చివర ధార సన్నబడటానికి చాలాసార్లు కారణం మధ్య ఇళ్లవాళ్లు కుళాయి గొట్టానికి నేరుగా బిగించిన మోటార్లు. దీన్ని ఎవరితోనూ గొడవ పడకుండా తేల్చవచ్చు. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి నీళ్లు వాలుకే వస్తాయి కదా, కరెంటు లేని సమయంలో ఒకసారి నీళ్లు వదలమని ట్యాంకు ఆపరేటరును అడగండి. అప్పుడు చివరి కుళాయి బకెట్టు మూడు నిమిషాల్లో నిండితే దొంగ మోటార్లు ఉన్నట్టే. నిండకపోతే వాల్వు పాడైందో, పైపు వ్యాసం చాలదో, ఎక్కడో లీకైపోతోందో చూసుకోవాలి.

క్లోరిన్ కూడా చివరి కుళాయి దగ్గరే చూడాలి. క్లోరోస్కోపులో నీళ్లు పోసి చుక్కలు వేస్తే పసుపు రంగు తేలుతుంది. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. ట్యాంకు దగ్గర బాగా ఉండి చివర సున్నా వస్తే మధ్యలో మురుగు కలుస్తోందని అనుమానించి ఆ పైపు దారి వెంట నడవండి. కాలువలో మునిగిన జాయింట్లు కంటికే కనిపిస్తాయి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం మనుషుల ప్రాణాలు తీసింది. బ్లీచింగ్ పౌడరు కొన్నట్టు వోచరు ఉంటే చాలదు, ప్రతివారం చివరి కుళాయి దగ్గర పరీక్ష చేసి రాసిన పుస్తకం ఉండాలి.

ఉద్దానం ఊళ్లలో ఇంకో ప్రశ్న కలపండి. హిరమండలం జలాశయం నుంచి వచ్చే మంచినీటి పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. ట్యాంకు దాకా నీళ్లు రాకపోతే అది పంచాయతీ వైఫల్యం కాదు, ట్యాంకు నుంచి కుళాయి దాకా బాధ్యత మాత్రం పంచాయతీది. కవిటి, సోంపేట, పలాస వైపు టిక్కు పెట్టిన ప్రతి ఇంట్లో తాగేది కుళాయి నీళ్లా, కొన్న క్యానా అని అడగండి. కిడ్నీ జబ్బుల ప్రాంతంలో కుళాయి ఉన్నా జనం ఇంకా క్యాను కొంటున్నారంటే లక్ష్యం నెరవేరలేదు. నమ్మకం ఎందుకు లేదో కూడా అక్కడే అడిగి రాయండి: రంగా, వాసనా, వేళకు రాకపోవడమా.

సీసీ రోడ్డుకు టేపు చాలు. ఎం–బుక్‌లో 120 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అని ఉంటే 54 ఘనపు మీటర్ల కాంక్రీటుకు బిల్లు అయిందన్నమాట. పొడవు, వెడల్పుల్లో తేడా సాధారణంగా ఉండదు. తేడా అంతా మందంలోనే. రోడ్డు మొదట్లో, చివర, మధ్యలో కుళాయి పైపు కోసం పగలగొట్టిన చోట కొలవండి. 12 సెంటీమీటర్లే ఉంటే 43.2 ఘనపు మీటర్లే పడింది, అయిదో వంతు తక్కువ. ఒక్క చోట కొలిచి ఆరోపణ చేయొద్దు. అంచు దగ్గర గ్రావెల్ పరుపు ఎగుడుదిగుడుగా ఉండవచ్చు. మూడు చోట్లా తక్కువైతే కోర్ కటింగ్ పరీక్ష (రోడ్డులోంచి కాంక్రీటు ముక్క కోసి తీసి చూడటం) చేయించాలని ఎంపీడీఓకు రాయండి. ఫొటోలో టేపు అంకె, రోడ్డు పక్క ఇల్లు రెండూ పడాలి.

చెత్త విషయంలో "రిక్షా వస్తోందా?" అని అడిగితే అందరూ వస్తోందంటారు. "గత ఏడు రోజుల్లో ఎన్ని రోజులు వచ్చింది?" అని అడగండి. చెత్త నుంచి సంపద కేంద్రం షెడ్డుకు ముందు చెప్పకుండా వెళ్లండి. ఎరువు తొట్టెల్లో చెయ్యి పెడితే తడి తగలాలి, వానపాములు కనిపించాలి. ఎండిన ఆకులు, పాలిథిన్ సంచులే ఉంటే అక్కడ ఎరువు తయారవడం లేదు. అమ్మిన ఎరువు ఎన్ని కిలోలో రిజిస్టరు అడగండి. అంగన్‌వాడీ, బడి మరుగుదొడ్ల దగ్గర ఒక్కటే చూడండి, లోపల కుళాయి తిప్పితే నీళ్లొస్తున్నాయా అని.

కేంద్రం ఇచ్చే పంచాయతీ పురోగతి సూచిక స్కోరు కూడా తీసుకుని పక్కన పెట్టుకోండి. 2022–23 తొలి నివేదిక 2025 ఏప్రిల్లో వచ్చింది. 40 కంటే తక్కువైతే అట్టడుగు శ్రేణి, 90 దాటితే పై శ్రేణి. ఆ అంకెలు శాఖలు ఎక్కించిన సమాచారం నుంచి వస్తాయి. నీటిలో మంచి స్కోరు ఉండి, మీ బకెట్టు లెక్కలో మనిషికి 28 లీటర్లు వస్తే బకెట్టునే నమ్మండి, ఎక్కించిన అంకె ఏదో కార్యదర్శిని అడగండి.

తేల్చిన లెక్కను సభ ముందు పెట్టడం

ప్రతి లక్ష్యానికీ ఒక వరుస, అందులో అయిదు గడులు: ఏం అనుకున్నాం, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఊళ్లో కొలిస్తే ఏముంది, తేడాకు కారణం. ఈ చివరి గడిలోనే సమీక్ష విలువంతా ఉంది. డబ్బు రాకపోవడం, డబ్బు ఉన్నా స్థలం తగాదాతో ఆగడం, పని అయినా ఫలితం లేకపోవడం, పంచాయతీ చేతిలో లేకపోవడం, పట్టించుకోకపోవడం ఒక్కటి కావు. కారణం తప్పుగా రాస్తే వచ్చే ఏడు పరిష్కారమూ తప్పే అవుతుంది. సభకు వారం ముందే సర్పంచ్‌కు, కార్యదర్శికి ఈ కాగితం ఇచ్చి వాళ్ల జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. వాళ్లు చూపిన వోచరుతో మీ అంకె తప్పని తేలితే దిద్దుకోండి. ముందే చూపించకుండా సభలో బయటపెడితే చర్చ లక్ష్యాల మీద నుంచి మనుషుల మీదికి పోతుంది.

సభలో ఇరవై నిమిషాలకు మించి చదవొద్దు. ఆర్థిక సంఘం, సెక్షన్లు అంటూ మొదలుపెడితే మహిళలు ముందు లేచి వెళ్లిపోతారు. చివరి కుళాయి అంకెతో మొదలుపెట్టండి. అయిదు గడుల పట్టికను చార్టు మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. శివారు గ్రామంలో అదే రోజు ఉదయం విడిగా ఒకసారి చదవండి.

చివరికి మూడు నాలుగు తీర్మానాలు చాలు. "నీటి సమస్య పరిష్కరించాలి" అని రాయించకండి. "డిసెంబరు 31లోగా చివరి వీధి వాల్వు మార్చాలి, ఖర్చు నీటి నిధుల నుంచి, బాధ్యత కార్యదర్శిది, జనవరి మొదటి వారంలో బకెట్టుతో మళ్లీ కొలవాలి" అని రాయించండి. తీర్మానాల పుస్తకంలో ఎక్కించాకే సంతకాలు చేయండి. ఖాళీ పేజీ కింద సంతకాలు పెట్టించి తర్వాత రాసుకుంటామంటే ఒప్పుకోవద్దు. సంతకాలయ్యాక ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. నకలు ఒకటి ఎంపీడీఓకు, ఒకటి జిల్లా పంచాయతీ అధికారికి పంపి రసీదు దాచండి. పంచాయతీ పరిధి దాటిన అంశాల్ని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో విడిగా ఇవ్వాలి. ఒక్కో అర్జీలో ఒక్క సమస్యే రాయండి. రెండు శాఖల విషయాలు ఒకే అర్జీలో ఉంటే అది ఏ ఒక్క శాఖకో వెళ్లి, రెండోది అక్కడే ఆగిపోతుంది.